కరీం బాషా కార్నెట్

పూర్ణా మార్కెట్ వెనక బ్యాండు షెడ్డులో మధ్యాహ్నం మూడింటికే దీపం వెలిగించాల్సి వచ్చింది. బయట ముసురు. లోపల తడిసిన యూనిఫారాల వాసన, ఇత్తడి వాసన. గఫూర్ తొమ్మిదో మౌత్‌పీసు తీసి ఆ పాత కార్నెట్ బూరాకి పెట్టాడు. ఊగింది. ఊదితే పక్కనుంచి గాలి బుస్సుమంది.

రేపు సీతమ్మధారలో స్టీలు ఫ్యాక్టరీ కాంట్రాక్టరు ఇంటి పెళ్ళి. వాళ్ళు అడిగింది బ్యాండుని కాదు, ఈ కార్నెట్‌ని. ఇది పలక్కపోతే మాస్టరు టోపీ గఫూర్ నెత్తిమీంచి దిగిపోతుంది. ఆ టోపీ కోసం ఏం చేశాడో అతనికే తెలుసు.

నిరుడు ఊరేగింపులో మాస్టరు కరీం బాషా ఇదే కార్నెట్ మీద పైస్వరం ఎత్తుకున్న క్షణాన, గఫూర్ మోచెయ్యి దానికి కింద నుంచి తగిలింది. మౌత్‌పీసు కరీం కిళ్ళీ మరకల పళ్ళు విరగ్గొట్టి ఊడిపడింది.

"సెయ్యి జారింది బాయ్," అన్నాడు గఫూర్. అందరూ నమ్మారు. ముందుపళ్ళు లేనివాడు కార్నెట్ ఏం ఊదుతాడు? ఆర్నెల్లు గోడకేసి తిరిగి పడుకుని, కరీం పోయాడు.

పోర్టు వర్క్‌షాపు అప్పలసూరి, కొలత తీసుకుని లేతు మిషను మీద తీసిన పదో మౌత్‌పీసు పట్టుకొచ్చాడు. అదీ ఊగింది.

"తేడా వీటిలో నేదు బావా. గొట్టంలోనే ఏటో అడ్డుంది." సన్నతీగ పెట్టి కెలికాడు.

టక్కున బల్లమీద పడింది. పన్నుముక్క. కిళ్ళీ మరకతో.

"ఎవుల్ది బావా ఇది?"

గఫూర్ జవాబిచ్చేలోగా గుమ్మంలోంచి ఆడగొంతు వినబడింది.

"అడ్డం పోయిందిగా. ఇప్పుడిది కుదురుతాది."

గుమ్మంలో కరీం భార్య ఆమినాబీ. ఎన్నిసార్లు అడిగినా ఇవ్వని మొగుడి మౌత్‌పీసు ఆమె చేతిలో ఉంది. "ఊదు గఫూర్ బాయ్. ఇంటాను."

పెట్టాడు. తట్టక్కర్లేకుండానే లోపలికి దిగి బిగుసుకుంది.

ఊదాడు. స్వరం షెడ్డంతా నిండింది. ఒక్క క్షణం గఫూర్ అన్నీ మర్చిపోయాడు.

తర్వాత తెలిసింది... గాలి తనది కాదు. గొట్టంలోంచి తన నోట్లోకి వస్తోంది... కిళ్ళీ వాసన... నెత్తుటి రుచి... తియ్యబోయాడు. పెదాలు ఊడి రాలేదు. మీటలు వాటంతటవే దిగుతూ అతని వేళ్ళను లాక్కెళుతున్నాయి. ఆ పాటే. ఆ ఊరేగింపు పాటే. పైస్వరం దగ్గరపడుతోంది...

"ఆపెయ్ బావా!"

ఎవరూ ముట్టుకోలేదు. కార్నెట్ కింద నుంచి ఎగిసి పళ్ళకి తగిలింది.

నేలమీద గఫూర్. గడ్డమంతా నెత్తురు. ఆమినాబీ వంగి, మెల్లగా అడిగింది.

"సెయ్యి జారిందా, బాయ్?"

అప్పలసూరి దీపం దగ్గరికి తెచ్చాడు. నేలమీద గఫూర్ పళ్ళు రెండు. బల్లమీద పన్నుముక్క మాత్రం లేదు.

"నోరు తెరు బావా..."

చిగుళ్ళ ఖాళీలో, కిళ్ళీ మరకతో, సగం విరిగిన పన్ను. అప్పలసూరి వేలు పెట్టి కదిపాడు.

ఊగలేదు.