తొమ్మిదో మెట్టు

రోములో సినిమావాళ్ళకి ఒక అలవాటుంది. షూటింగులో మాటలు రికార్డు చెయ్యరు. కెమెరా ముందు ఎవరేం వాగినా ఫర్వాలేదు, గొంతులు తర్వాత అతికిస్తారు. డైలాగు ఇంకా రాయకపోతే నటులు ఒకటి, రెండు, మూడు అని అంకెలు లెక్కపెట్టేస్తారు. ఆ కదిలే పెదాల మీద మాటలు కూర్చడమే ఎర్సీలియా పని. ఇరవై ఏళ్ళుగా ఎందరో అందగత్తెలకి గొంతు అరువిచ్చింది. ఆవిడ మొహం మాత్రం ఏ తెరా ఎరగదు.

ఆవేళ మధ్యాహ్నం తెర మీదున్నది సొంత చెల్లెలు నివెస్. పోయి నలభై రోజులైంది.

పాత కోటలో హత్యల కథ. షూటింగ్ ఆఖరి రోజున నివెస్ గంటగోపురం పై అంతస్తు మెట్ల మీంచి పడిపోయింది. పక్కన పిట్టగోడ లేదు, కింద పాతాళమంత లోతు. తొమ్మిదో మెట్టు మీద కాలు జారిందని రాసుకుని పోలీసులు చేతులు దులుపుకున్నారు. "ఎనిమిదో మెట్టు దగ్గర షాట్ ఆపేసి అందరం భోజనానికి పోయాం. తనే మళ్ళీ ఎక్కింది" అన్నాడు దర్శకుడు తొలొమెయి.

బతికుండగా నివెస్ ఒక్కటే అడిగింది.

"అక్కా, ఈ ఒక్క సినిమాకి నా గొంతు నన్నే చెప్పుకోనీవే."

"నీది కాకిగొంతు. పోవే" అని ఎర్సీలియా నవ్వేసింది. తన పని పోతుందని భయం, అంతే. ఆ పాడు నవ్వు తలుచుకుని ఏడవని రోజు లేదు. చెల్లెలు ఎలా పోయిందో ఆ ఆఖరి ఫిల్ము ముక్కలోనైనా కనిపిస్తుందేమోనని ఈ పనికి ఒప్పుకుంది.

హాలంతా చీకటి. పాత దుమ్ము వాసన, వేడెక్కిన ఫిల్ము వాసన. వెనక వరసలో తొలొమెయి ఒక్కడే కూర్చున్నాడు. సినిమాలో హంతకుడి మొహం కనపడదు, నల్లతొడుగుల చేతులే కనపడతాయి. ఆ చేతులు ఎప్పుడూ తొలొమెయివే, ఆ వేషం ఇంకొకరికి ఇవ్వడు.

ముక్క రెండు కొసలూ అతికించి, గొంతు కుదిరేదాకా చక్రంలా తిప్పుతారు. మొదటి చుట్టు. నివెస్ మెట్లెక్కుతూ లెక్కపెడుతోంది. ఒకటి... రెండు... ఎనిమిది. ముక్క అయిపోయింది.

"నన్ను చంపకు" అంది ఎర్సీలియా మైకులో.

"మళ్ళీ" అన్నాడు తొలొమెయి.

రెండో చుట్టు. ఎనిమిది. మూడో చుట్టు... ఎనిమిది.

నాలుగో చుట్టు.

తొమ్మిది.

ముక్కలో లేని మెట్టు. నివెస్ దాని మీద నిలబడింది. పక్కనుంచి నల్లతొడుగు చెయ్యొకటి వచ్చింది... నెమ్మదిగా... వీపు మీద ఆనింది.

"ఇది షాట్ కాదు" అంది ఎర్సీలియా. తనకే వినపడనంత మెల్లగా.

తెర మీద నివెస్ తల తిప్పింది. కెమెరా వైపు కాదు. అక్క వైపు. పెదాలు కదిలాయి, అంకెలు కావవి. ఇరవై ఏళ్ళ అలవాటు, కదిలే పెదాలకి ఎర్సీలియా గొంతు దానంతటదే మాటలిచ్చేసింది.

"అక్కా... లేచి వెళ్ళిపో. వాడు నీ వెనకే ఉన్నాడు."

ఎర్సీలియా లేవలేదు. లేస్తే చెల్లెలు పోతుంది. ఈ తెర ఆరితే మళ్ళీ ఎక్కడ చూస్తుంది? కళ్ళనీళ్ళు తుడుచుకోకుండానే కేకేసింది.

"రిగెట్టో, ఇంకొక్కసారి తిప్పు నాయనా."

పక్క తలుపు తెరుచుకుంది. మిషను నడిపే ముసలి రిగెట్టో తొంగిచూశాడు.

"ఏం తిప్పనమ్మా? మూడో చుట్టుకే తెగింది. ఇదుగో, చేతిలోనే ఉంది. జిగురు తెచ్చుకుంటానుండు." తెర వైపు చూడకుండానే వెళ్ళిపోయాడు.

తెర మీద నివెస్ అలాగే నిలబడి ఉంది.

"రావే తల్లీ" అంది ఎర్సీలియా. "తప్పు నాదే. దిగి రా."

"పిలవకు." తొలొమెయి గొంతు పీలగా వచ్చింది. "నీకు దణ్ణం పెడతాను... దాన్ని పిలవకు."

నివెస్ వెనక్కి తిరిగింది. ఒక మెట్టు దిగింది.

ఆ సినిమాకి అడుగుల చప్పుళ్ళు ఇంకా కలపలేదు. అయినా రాతి మీద వట్టికాలు ఆనిన చప్పుడు స్పష్టంగా వినిపించింది... తెర దగ్గర్నుంచి కాదు, వెనక వరస దగ్గర్నుంచి.