మధ్య వరస

భోజనాల బల్ల మీద భోజనం చేసి ఎన్నాళ్ళయిందో ఆ ఇంట్లో అమ్మకే గుర్తులేదు. బల్ల నిండా కాగితాలు, పెన్సిళ్ళు, రబ్బరు పొట్టు. రెండు కుర్చీల్లో రెండు గిటార్లు కొత్తల్లుళ్ళలా దర్జాగా కూర్చుని ఉంటాయి. మనుషులు మాత్రం పళ్ళేలు చేత్తో పట్టుకుని వంటింటి గుమ్మం దగ్గర నిలబడి తినాలి. ఆ ఆదివారం పొద్దున్న కూడా అలాగే కానిచ్చి, అమ్మ వంటింట్లో బఠాణీలు ఒలుచుకుంటోంది.

పెద్దమ్మాయికి ముప్ఫై రెండేళ్ళు, చిన్నదానికి ఇరవై ఎనిమిది. ఇద్దరూ కలిసి కచేరీల్లో గిటారు వాయిస్తారు. వాయించేవి గిటారు కోసం పుట్టిన పాటలు కావు. అరవై మంది కూర్చుని వాయించే ఆర్కెస్ట్రా సంగీతాన్ని రెండు గిటార్లకు సరిపోయేలా కుదించి రాయడం పెద్దమ్మాయి పని. పెళ్ళివారందరినీ రెండు సైకిళ్ళ మీద ఎక్కించడం లాంటి పని అది. ఎవరో ఒకరిని దించక తప్పదు.

అందుకే ఆ బల్ల దగ్గర వాళ్ళకో మాట అలవాటైంది. కొత్త పేజీ తిప్పగానే చిన్నది, "ఇవాళ ఎవర్ని ఇంటికి పంపిద్దాం?" అని అడుగుతుంది. ఫ్లూట్ ఉండాలి, రాగం దానిది. సెల్లోలు ఉండాలి, అడుగు స్వరాల బరువు మోసేది అవే. ఎప్పుడూ మొదట ఇంటికి వెళ్ళేవి వయోలాలు. వయోలా చూడ్డానికి వయొలిన్ లాగే ఉంటుంది గానీ కాస్త పెద్దది, గొంతు కాస్త బొంగురు. పై రాగానికీ అడుగు స్వరానికీ మధ్య ఖాళీని నింపడం దాని ఉద్యోగం. తీసేసినా వినేవాడికి తెలియదని పెద్దమ్మాయి లెక్క.

వాళ్ళ నాన్న ముప్ఫై నాలుగేళ్ళు వయోలా వాయించాడు. ఎనిమిది నెలల కిందట ఆర్కెస్ట్రాకు కొత్తగా వచ్చిన మేనేజరు, మనుషులు ఎక్కువైపోయారని చెప్పి ఇద్దరు వయోలా వాళ్ళను ఇంటికి పంపాడు. అందులో నాన్న ఒకడు. ఇది తెలిసిన కూతుళ్ళే, ఆయన పక్క గదిలో పేపరు చదువుకుంటుంటే, ఆ మాట రోజుకు పదిసార్లు అనేవారు. పొగరు కాదు, అలవాటు. అలవాటైన నోటికి కళ్ళుండవు కదా.

ఆ రోజు మధ్యాహ్నానికి పుస్తకం ప్రెస్సుకు వెళ్ళాలి. రెండువందల ఏళ్ళ నాటి ఒక సింఫనీ, అందులో అందరూ మెచ్చే నెమ్మది భాగం, పద్నాలుగు నెలల చాకిరీ. మొదటి పేజీ మీద పెద్దమ్మాయి పెన్సిలుతో 'మా నాన్నకు' అని రాసుకుంది. ఆర్కెస్ట్రా వాళ్ళు ఆయన్ని ఒక పూలగుత్తితో సాగనంపారు, తానైనా సరిగ్గా ఏదో ఒకటి ఇవ్వాలని ఆమె పట్టుదల. ఇంకో ఆశ కూడా ఉంది. తన రాత చూసి నాన్న ఇన్నేళ్ళలో ఒక్కసారి బాగుందనలేదు. కనీసం ఈసారి అనకపోతాడా అని.

నాన్నను పిలిచి కూర్చోబెట్టారు. ఆయన అన్ని వాద్యాల స్వరాలూ ఉన్న అసలు ఆర్కెస్ట్రా పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, వాళ్ళు వాయిస్తుంటే వేలితో పుట వెంబడి సాగాడు. వాళ్ళు తమ నాలుగో పేజీకి వచ్చాక, వయోలాలు మొదలయ్యే చోట, ఆ వేలు ఆగిపోయింది. వాళ్ళు చివరిదాకా వాయించారు. ఆయన పుస్తకం మూసి, "నేనేడీ?" అన్నాడు.

పెద్దమ్మాయికి అర్థం కాలేదు. సిగ్గు సిగ్గుగా నవ్వుతూ మొదటి పేజీ చూపించింది. అంకితం సంగతి కాదు, నాలుగో పేజీలో తన వరస ఏమైందని ఆయన అడిగాడు. ఆమె నోరు విప్పేలోపే చిన్నది అందుకుంది. దానికి మాట ముందు, బుద్ధి వెనక.

"వయోలాల్ని ఇంటికి పంపించేశాం నాన్నా. ఎప్పుడూ పంపేదేగా."

అన్నాక గానీ తానేం అందో దానికి తెలియలేదు. తెలిసి నాలుక్కరుచుకుంది. కరుచుకున్నంత మాత్రాన అన్న మాట లోపలికి పోతుందా?

"మేనేజరు నయం," అన్నాడు నాన్న. "నెల ముందు నోటీసన్నా ఇచ్చాడు."

పెద్దమ్మాయికి అరికాలి మంట నెత్తికెక్కింది. తప్పు తనదని లోపల ఎక్కడో తెలుస్తూనే ఉంది, అందుకే ఇంకా ఎక్కువ మండింది. చెల్లెల్ని నోరు ముయ్యమని కసిరింది. నాన్న వైపు తిరిగి, పద్నాలుగు నెలల నుంచి పడిన పాట్లన్నీ ఏకరువు పెట్టింది. అంతటితో ఊరుకుంటే బాగుండేది. పాత పద్దులు కూడా బయటికి లాగింది. చిన్నప్పుడు ఎప్పుడు చూసినా ఆయన గది తలుపు మూసే ఉండేదనీ, సాధన చేసుకుంటున్నారు అల్లరి చెయ్యకండని అమ్మ కసురుతుంటే ఇద్దరూ పిల్లుల్లా తిరిగేవాళ్ళనీ, ఆ తలుపు అవతల మనిషి కోసమే తను ఇన్నేళ్ళూ ఇలా రాసి రాసి చస్తోందనీ అంది.

"నా దగ్గర ఉన్నవి పన్నెండు తీగలు నాన్నా. అరవై మందిని పట్టించాలి. వినబడని వాళ్ళని తీసెయ్యకపోతే ఇంకెవర్ని తియ్యమంటావ్?"

నాన్న గొంతు పెంచలేదు.

"నిజమే. ముప్ఫై నాలుగేళ్ళు వాయించాను. నీ వాద్యం వినబడిందయ్యా అన్నవాడు ఒక్కడు లేడు. బయటివాళ్ళ సంగతి నాకు తెలుసు. ఇంట్లో వాళ్ళైనా విన్నారేమో అనుకున్నా." లేచి, పేజీ మీద ఆ మాటలను వేలితో పొడిచి చూపించాడు. "అది కొట్టెయ్. లేని మనిషికి అంకితం దేనికి?"

"సరే," అంది పెద్దమ్మాయి. రబ్బరు తీసుకుంది. ఆయన కళ్ళ ముందే ఆ రెండు మాటలనూ బరబరా చెరిపింది. చెరిగిపోయాక కూడా ఆపలేదు. కాగితం చిరిగింది. చిన్నది చెయ్యి పట్టుకోబోతే విదిలించి కొట్టింది.

అప్పుడు బఠాణీల గిన్నె వచ్చి బల్ల మీద దబ్బున పడింది. నాలుగు గింజలు ఎగిరి కాగితాల మీద దొర్లాయి.

"అయిపోయిందా మీ ముగ్గురి పంచాయితీ?" అంది అమ్మ. ఆవిడ కోపం ఆ ఇంట్లో ఏడాదికోసారి వచ్చేది, వచ్చిందంటే ఎవరూ ఎదురు నిలిచేవారు కాదు. "వినబడలేదట. ఏమండీ, మీ కచేరీలకు నేను ఎన్నిసార్లు వచ్చాను? చేతి వేళ్ళ మీద లెక్కపెట్టచ్చు. పిల్లల్ని ఎవరి మీద వదిలి రాను? ఆ అరవై మందీ ఏం వాయిస్తారో నాకేం తెలుసు? అంట్లు తోముతూ, బట్టలు ఆరేస్తూ, మూసిన తలుపు ఇవతల నుంచి ముప్ఫై నాలుగేళ్ళు నాకు వినబడింది ఆ ఒక్కటే. పాటంటే అదే అనుకున్నాను నేను."

అని, కోపం తగ్గకుండానే, పాడింది. పాడిందంటే మాటల్లేవు, ఊఁ అని గొంతులోనే. చదువుకున్న సంగీతం కాదు. రోజూ నడిచే దారిలో నడిచినట్టు, ఎక్కడా తడుముకోకుండా ఆ మధ్య వరసను మొదటి నుంచి ఎత్తుకుంది.

పెద్దమ్మాయి చెయ్యి తనంతట తానే ఆర్కెస్ట్రా పుస్తకం తెరిచింది. వయోలా గీత మీద వేలు పెట్టి అమ్మ గొంతు వెంట నడిపించింది. ఒక్కొక్క స్వరం అచ్చు గుద్దినట్టు సరిపోతోంది. రెండు పంక్తులు అలాగే సాగి, మూడో పంక్తిలో ఒకచోట తేడా వచ్చింది. పుస్తకంలో స్వరం కిందికి దిగింది, అమ్మ పైకి వెళ్ళింది.

"అక్కడ తప్పమ్మా," అంది పెద్దమ్మాయి, వృత్తి ధర్మం కొద్దీ.

"తప్పేం కాదు. మీ నాన్న ఎప్పుడూ అలానే వాయిస్తారు."

ముగ్గురూ నాన్న వైపు చూశారు. ఆయన ముఖం దొరికిపోయిన దొంగ ముఖంలా అయింది. కూర్చున్నాడు. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడు ఒకరోజు సాధన చేస్తుంటే అక్కడ స్వరం పైకి వెళితే బాగుంటుందని తోచిందట. మర్నాడు కచేరీలో అలాగే వాయించి, ఎవరు పట్టుకుంటారో, ఎవరు తిడతారో అని బిక్కుబిక్కుమంటూ కూర్చున్నాడట. ఎవరూ పట్టుకోలేదు. ఆ తర్వాత ఎప్పుడూ మార్చలేదట.

"మిగతాదంతా ఎవరో రాసిచ్చింది," అన్నాడు. "ఆ ఒక్క స్వరం నాది." అమ్మ వైపు చూడబోయి చూడలేకపోయాడు. "నీకు తెలుసా?"

"నాదీ మీదీ అని నాకేం తెలుసు? విన్నాను, వచ్చింది," అంది అమ్మ. కోపం అప్పటికే దిగిపోయింది. పెద్దమ్మాయి వైపు తిరిగింది. "నువ్వు మర్చిపోయావు గానీ, నీకు తొమ్మిదేళ్ళప్పుడు మొదటిసారి ఆ హాలుకు తీసుకెళ్ళాను. ఇదే పాట. అంతా విని ఇంటికొచ్చి ఏడ్చావు. నాన్న గదిలో వాయించే పాట అక్కడ వాయించనే లేదమ్మా అని."

పెద్దమ్మాయికి అది నిజంగానే గుర్తులేదు. కానీ విన్నాక నమ్మకుండా ఉండలేకపోయింది. ఏ పాట వాయించలేదని తొమ్మిదేళ్ళ పిల్ల అంత ఏడ్చిందో, ముప్ఫై రెండేళ్ళ మనిషి ఆ పాటనే ఏరి పారేసింది. పరాయి చెవులకు వినబడదని తీసేశాననుకుంది గానీ, తనకే అది వినబడటం మానేసి ఎన్నేళ్ళయిందో. పుట్టినప్పటి నుంచీ ఇంట్లో ఉన్నదాన్ని ఎవరు మాత్రం వింటారు? ఇంతసేపూ నాన్న మీద రగిలిన కోపమంతా గిర్రున తిరిగి తన మీదికే వచ్చింది.

ఎవరినీ క్షమాపణ అడగలేదు. ఆ ఇంట్లో ఆ మాట ఎవరికీ నోరు తిరగదు. కుర్చీ లాక్కుని కొత్త కాగితం తీసింది. నాలుగో పేజీలో రెండో గిటారుకు, అంటే తనకు, ముచ్చటపడి రాసుకున్న పరుగుల వరస ఒకటుంది. కచేరీలో చప్పట్లు పడేది దానికే. దాన్ని అడ్డంగా కొట్టేసి, ఆ చోట వయోలా వరసను ఎత్తి రాయడం మొదలుపెట్టింది. చిన్నది ప్రెస్సుకు ఫోన్ చేసి పుస్తకం రేపిస్తామంది. అవతల ప్రెస్సాయన అరుపులు బల్ల దాకా వినిపించాయి. ఇన్నాళ్ళకు దాని నోరు మంచి పనికి పనికొచ్చింది, ఆయనకంటే గట్టిగా అరిచి ఫోన్ పెట్టేసింది.

మూడో పంక్తికి వచ్చేసరికి పెద్దమ్మాయి పెన్సిలు ఆగింది.

"అచ్చులో ఉన్నదే రాయి," అన్నాడు నాన్న. "తెలిసినవాళ్ళు చూస్తే నవ్వుతారు."

"నవ్వనీ నాన్నా," అంది పెద్దమ్మాయి. "అమ్మా, అక్కణ్ణించి మళ్ళీ ఒకసారి పాడు."

అమ్మ పాడింది. ఈసారి ఆ చోటికి వచ్చేసరికి నాన్న బొంగురు గొంతు కూడా కలిసింది, రెండూ కలిసి పైకి వెళ్ళాయి. పెద్దమ్మాయి ఆ స్వరం రాసింది. కళ్ళనీళ్ళు కాగితం మీద పడకుండా, తల పక్కకు తిప్పుకునే రాసింది.