వ్యాన్‌ని నెట్టిన చేతులు

సర్కారు పెద్దల్లారా, ఆ బంగారు స్టిక్కర్ ఇచ్చింది మీరే. కాదంటారా? నైవాషా బజారులోకి వచ్చి, సలోమె ఎదుట నిలబడి అనండి. బండి అద్దానికి అది అంటించుకుంటే ఏ పోలీసూ ఆపడని తెలుసు. ఏ గేటూ అడ్డం రాదని తెలుసు. తెలిసే పొరుగు దేశపు కర్నల్ చేతిలో పెట్టారు, ఈస్టర్ కార్ల ర్యాలీకి చుట్టమొచ్చినట్టు. మీకు సిగ్గుందో లేదో మాకు తెలీదు. మా సిగ్గు మాత్రం చెప్పుకుని తీరాలి. ఆ వ్యాన్‌ని నెట్టింది మేమే.

శనివారం పొద్దున. రాత్రంతా కురిసిన వానకి కొండ దారి నల్ల బురదైంది. అయినా నైరోబీ నైరోబీ అంతా ఇక్కడే ఉంది. మటాటు బస్సుల మీద స్పీకర్లు, నిప్పుల మీద మేక మాంసం, చేతిలో సీసా, నెత్తిన జెండా. ర్యాలీ కారు ఒకటి దూసుకుపోతే ఒంటి నిండా బురద. దానికే కేరింతలు.

ఆ గుంపులో నిఘా శాఖ ఏజెంట్ సిరోంకా ట్రాక్ కాసే మార్షల్ వేషంలో ఉన్నాడు. పసుపు కోటు, మెడలో ఈల, చేతిలో ఎర్ర జెండా. చెవిలో శనగగింజంత రేడియో. చేతికి ఆఫీసు ఇచ్చిన కొత్త గడియారం. గోడ అవతల మనిషి గుండె కొట్టుకున్నా పట్టేస్తుందట.

చెవిలో డైరెక్టర్ గితోంగా గొంతు వినిపించింది. ఆయన కొండ మీద వీఐపీ టెంట్‌లో ఉన్నాడు.

"సలోమె మాయమైంది."

సలోమె పొరుగు దేశం నుంచి పారిపోయి వచ్చిన రేడియో మనిషి. అక్కడి జైళ్ళలో మాయమైన వాళ్ళ పేర్లు రోజూ గాలిలోకి చదివేది. గులాబీ తోటల కూలీలుండే కరగీతాలో ఒక గది తీసుకుని ఉంటోంది.

"ఎవరి పని సార్?"

"కర్నల్ ముఠా. ఇక్కణ్ణుంచి హెలికాప్టర్‌లో దాటిస్తారు. ఈ రెండ్రోజులూ ఆకాశం నిండా ఈగల్లా హెలికాప్టర్లే, ఎవడు పట్టించుకుంటాడు? సరిహద్దు దాటిందా, ఆ మనిషిని మర్చిపో."

"ఏ బండి?"

"ఎర్ర పికప్. ఇంకే బండి జోలికీ పోకు. ఇంకో మాట. ముఠాలో మన మనిషి ఉంది, మ్వానైషా. టెంట్‌లో హోస్టెస్. ఈమధ్య అటు తిరిగిందని నాకు అనుమానం. ఏం చెప్పినా ముందు నా చెవిన వెయ్యి."

సిరోంకా ఎర్ర పికప్ కోసం కళ్ళు కాయలు కాచేలా చూశాడు. ఒక్కటీ రాలేదు. వచ్చింది వెండి రంగు వ్యాన్. అద్దం మీద బంగారు స్టిక్కర్. మలుపులో వెనక చక్రాలు ఇరుసు దాకా దిగబడ్డాయి.

ర్యాలీలో బండి దిగబడితే ఇక్కడ ఎవరూ పిలవనక్కర్లేదు. పరిగెత్తుతాం. అది మా గొప్ప. కంకులు కాల్చే వంజా కూడా విసనకర్ర పారేసి వచ్చింది.

"ఏం మార్షల్ అన్నా, జెండా ఊపడమేనా, భుజం కూడా పెట్టేదుందా?" అంది.

అందరూ నవ్వారు. సిరోంకా కూడా నవ్వాడు. గడియారానికి బురద అంటుతుందని విప్పి జేబులో వేసుకున్నాడు. మళ్ళీ చదవండి. విప్పి జేబులో వేసుకున్నాడు.

లోపలి నుంచి దబ్, దబ్, దబ్ అని చప్పుడు.

"ఒరేయ్, దీంట్లో కూడా బేస్ స్పీకర్ పెట్టార్రోయ్!" అని ఒకడు గంతులేశాడు. మిగతావాళ్ళు నడుములు తిప్పారు. ఆ దబ్‌కే ఒకటీ రెండూ మూడూ అనుకుంటూ నెట్టాం. వ్యాన్ బయటపడింది. పోనీ పోనీ అన్నట్టు సిరోంకా వెనక తలుపు మీద రెండు చేతులతో రెండుసార్లు చరిచాడు. కదిలే బండికి అదే మా వీడ్కోలు. నల్లకళ్ళద్దాల డ్రైవర్ బొటనవేలు చూపించి వెళ్ళిపోయాడు.

కాసేపటికి కొండ మీది నుంచి ఒకామె దిగింది. జరీ గౌను, చేతిలో హైహీల్స్, మోకాళ్ళ దాకా బురద. పక్కన నిలబడి అడిగింది.

"ఈ బురదకి ఏ టైరు మంచిదంటావ్?"

అది కోడ్. సిరోంకా జవాబు ఇచ్చాడు. "ఎండే దాకా ఆగేవాడికి ఏ టైరైతేనేం?"

"ఆగితే ఆమె చస్తుంది," అంది మ్వానైషా. "వెండి రంగు వ్యాన్. వెళ్ళిందా ఇటు?"

సిరోంకా మలుపు వైపు చూశాడు.

"మాట్లాడవేం?"

"నేనే నెట్టాను."

ఆమె అతని బురద చేతులు చూసింది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"మీ గితోంగా ఎర్ర పికప్ అని చెప్పాడు కదూ? ఆ స్టిక్కర్ కర్నల్ చేతికిచ్చింది ఆయనే. నా కళ్ళ ముందే, ఒకే పళ్ళెంలో మాంసం తింటూ. రెండు పక్కలా జీతం తీసుకునేదాన్ని నేను. నాకే ముద్ద దిగలేదు."

ఇద్దరూ పరిగెత్తారు. వాళ్ళని చూసి వెనకే మేమూ. మలుపు అవతల ర్యాలీ ట్రాక్‌ని దాటే చోట వ్యాన్ ఆగి ఉంది. కారు వస్తోందని మార్షల్స్ తాడు కట్టారు. తాడు అవతల గడ్డి మైదానంలో హెలికాప్టర్ రెక్కలు తిరుగుతున్నాయి. వ్యాన్ వెనక తలుపు మీద రెండు అరచేతుల ముద్రలు. సిరోంకావే.

"సార్, వెండి రంగు వ్యాన్. సలోమె లోపలుంది. ఆపుతున్నా."

చెవిలో గితోంగా నెమ్మదిగా అన్నాడు.

"స్టిక్కర్ ఉన్న బండి ముట్టుకోకు బాబూ. పండగ. హాయిగా రేసు చూడు."

సిరోంకా రేడియో పీకి బురదలో తొక్కేశాడు. జేబులోంచి గడియారం తీసి తలుపుకి ఆనించాడు. ముల్లు గిలగిలా కొట్టుకుంది. ఈల ఊదాడు. ఎవరూ వినలేదు. పక్క మటాటు స్పీకర్లు చెవులకి చిల్లులు పొడుస్తున్నాయి. మటాటు ఎక్కి వైరు లాగేశాడు.

పాట ఆగింది. బూతులు లేచాయి.

"ఏయ్ మార్షల్, నీ అబ్బ సొమ్మా పాట?"

"వినండి!" అని అరిచాడు సిరోంకా. "ఒక్కసారి వినండి!"

పాట ఆగిపోయింది. దబ్, దబ్ మాత్రం ఆగలేదు. వ్యాన్‌లోంచి. నీరసంగా, వదలకుండా.

గంతులేసినవాడి చేతిలో సీసా జారిపోయింది. ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు.

ర్యాలీ కారు బురద చిమ్ముతూ వెళ్ళిపోయింది. తాడు దిగింది. వ్యాన్ గర్జించింది.

"లేపండర్రా!" అని గావుకేక పెట్టింది వంజా.

నెట్టిన చేతులే లేపాయి. వెనక చక్రాలు నేల వదిలి గాలిలో గిర్రున తిరిగాయి. డ్రైవర్ గేరు మార్చాడు, తిరిగాయి. తిట్టాడు, తిరిగాయి. ముందు సీట్లో ఉన్న కర్నల్ కిటికీలోంచి పిస్తోలు బయటపెట్టాడు.

వంజా కదల్లేదు. "కాలుస్తావా అయ్యా? కాల్చు. ఇన్ని ఫోన్లు నీ మొహం మీదే ఉన్నాయి. కాస్త నవ్వు, ఫొటో బాగా వస్తుంది."

పిస్తోలు లోపలికి పోయింది. అవతల హెలికాప్టర్ కాసేపు చూసి, ఖాళీగా లేచిపోయింది. మార్షల్స్ కర్నల్‌నీ డ్రైవర్‌నీ కిందికి లాగారు. అప్పుడు సిరోంకా తలుపు బద్దలుకొట్టాడు.

సలోమె నోటికి టేపు, చేతులకీ కాళ్ళకీ తాళ్ళు. తలుపుని తన్ని తన్ని మడమలు నెత్తురోడుతున్నాయి. మ్వానైషా మెల్లగా టేపు తీసింది. అంత పేరున్న గొంతు కీచుగా వచ్చింది.

"అక్కడ, మలుపు దగ్గర... నేను కొడుతుంటే బయటి నుంచి ఎవరో రెండుసార్లు కొట్టారు. విన్నారనుకున్నా. తలుపు తీస్తారనుకున్నా." అందరినీ చూసింది. "ఎవరది?"

సిరోంకా చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. మళ్ళీ ముందుకు తెచ్చి చూపించాడు. ఆమె ఆ చేతుల వైపు చాలాసేపు చూసింది. నీళ్ళు అడిగింది.

ఆ సాయంత్రం నైవాషాలో పాటలు లేవు.

సిరోంకాని సస్పెండ్ చేశారు, అధికార వాహనానికి అడ్డుపడ్డాడని. మ్వానైషా చూసినదంతా పేర్లతో సహా బయటపెట్టింది, ఇప్పుడు దాక్కుని బతుకుతోంది. కర్నల్ అదే వారం విమానంలో ఇంటికి పోయాడు. గితోంగా కుర్చీలోనే ఉన్నాడు. సలోమె ఇప్పటికీ కాగితాల్లేని మనిషే, ఏ రోజైనా ఏ వ్యాన్‌లోనైనా ఎక్కించొచ్చు.

కాబట్టి చెబుతున్నాం, వినండి. గితోంగాని కుర్చీలోంచి లేపి కోర్టులో నిలబెట్టండి. ఆయనకి పైనుంచి సరే అన్నదెవరో పేరు చెప్పండి. సలోమెకి ఈ దేశంలో ఉండే హక్కు రాసివ్వండి, ఆమె గది ముందు కాపలా పెట్టండి. ఇవాళే. మాటలు వద్దు.

అందాకా మీ స్టిక్కర్ బళ్ళు నైవాషాకి రావచ్చు, ఎవరూ ఆపరు. దిగబడ్డాయా, దిగి మీరే నెట్టుకోండి.