రెండో సైలో అడుగున

ఉదయం ఎనిమిదింటికి గిడ్డంగిలో శాంపిల్స్ తీస్తున్న ఫుడ్ ఇన్‌స్పెక్టర్ మీద వేరుశనగ బస్తాల దొంతర కూలింది. ప్రమాదమన్నారు. తొమ్మిదింటికల్లా శవం జేబులో దొరికిన పప్పులు సీక్రెట్ సర్వీస్ చీఫ్ బల్ల మీదున్నాయి. చీఫ్ తెరలు లాగి, అల్ట్రావయొలెట్ పెన్‌టార్చ్ వెలిగించాడు. రెండు పప్పులు నీలంగా మెరిశాయి.

"అఫ్లాటాక్సిన్. బూజు కక్కే విషం. వేయిస్తే బూజు చస్తుంది, విషం చావదు."

ఎదురుగా ఉన్న ఏజెంటును డిపార్ట్‌మెంటులో ముంగిస అంటారు. చీఫ్ క్లుప్తంగా చెప్పాడు. మూడు దేశాల రేవులు తిప్పి పంపిన సరుకును ఒక విదేశీ ముఠా దొంగ సర్టిఫికెట్లతో ఇక్కడ దించింది. పిల్లల ఆహారం తయారుచేసే ఫ్యాక్టరీలో, పప్పు నిల్వచేసే మూడు సైలోల్లో ఒకదాని అడుగున అది ఉంది. పైన మంచి పప్పు పోశారు. పన్నెండింటికి గ్రైండర్ తిరిగితే అంతా ఒకటే ముద్ద. సాయంత్రానికి మూడు వందల స్కూళ్ళు. ఆధారం లేనిదే ఏ జడ్జీ ఆపడు. లోపల ముఠా బ్రోకరుగా తిరుగుతున్న మనిషి మనకూ పనిచేస్తోంది.

"నమ్మొచ్చా?" అన్నాడు ముంగిస.

చీఫ్ టార్చ్ అతని చేతిలో పెట్టాడు.

పదకొండున్నరకి ముంగిస బెల్టు మెకానిక్ వేషంలో ఫ్యాక్టరీలో అడుగుపెట్టాడు. తెల్ల సూటు, ముత్యాల దండ, ఎర్రటి పెదాలు. బ్రోకరమ్మ ఎదురొచ్చింది. పక్కనే ముఠా నాయకుడు, బూడిదరంగు కళ్ళవాడు.

"ఈ బెల్టుకి ఎన్నేళ్ళు మేడమ్?"

"మా అమ్మమ్మ వయసు."

కోడ్ సరిపోయింది. మూడో సైలో దగ్గర బెల్టు కిర్రుమంటోందని, అక్కడ చూడమని చెప్పి ఆమె ముఖం తిప్పుకుంది.

మూడో సైలో అడుగు తలుపు తీసి టార్చ్ వేశాడు. ఒక్క పప్పూ మెరవలేదు. ఆమె తనను వాళ్ళకి అమ్మేసిందా? ఇంకా నాలుగు నిమిషాలు. వంగి పరుగెత్తి రెండో దాని తలుపు తీశాడు. ముక్కిన వాసన గుప్పుమంది. టార్చ్ వెలుగులో గుట్టంతా నీలపు చుక్కలు.

"నిజం మెకానికైతే మూడో దానితో సరిపెట్టుకునేవాడు," అంది వెనక గొంతు.

బూడిదకళ్ళవాడి ఒక చేతిలో పిస్టల్, రెండో చెయ్యి గ్రైండర్ బటన్ మీద. పన్నెండింటి సైరన్ మోగింది. ఆ మోతలోనే పిస్టల్ పేలింది.

కూలింది బూడిదకళ్ళవాడు. వేలు బటన్ మీంచి జారిపోయింది. అవతల బ్రోకరమ్మ నిలబడి ఉంది, చేతిలో పిస్టల్.

"ఎవరొచ్చినా మూడని చెప్పమన్నది వీడే. పక్కనే ఉన్నాడు, ఇంకేం చెప్పను?"

ముంగిస గుప్పెడు పప్పు కవర్లో వేసి సీలు వేశాడు. థ్యాంక్స్ అనబోయాడు.

"పొద్దున బస్తాల కింద పడింది మా అన్నయ్యండి," అందామె. "నేను వీళ్ళ మనిషిననుకుని రెండేళ్ళు నాతో మాట్లాడలేదు. అలా అనుకునే పోయాడు."

ముంగిస ఆమె చేతిలోంచి పిస్టల్ మెల్లగా తీసుకున్నాడు.

మర్నాడు పేపర్లో ఒక మూల నాలుగు లైన్లు పడ్డాయి: సాంకేతిక లోపం వల్ల ఫ్యాక్టరీ మూత, స్కూళ్ళకు వారం పాటు బిస్కెట్లు. పిల్లలు తెగ సంతోషించారని చివరి లైను.