లక్క తీయని కాశీ చెంబు

మందారగిరి రాజ్యంలో ఆ రోజు తోరణం కట్టని గుమ్మం లేదు. ఏడాది క్రితం కాశీయాత్రకు వెళ్లిన సోమభూపతి మహారాజు తిరిగి వస్తున్నాడు. కోట వాకిట్లో అందరికంటే ముందు ఆయన కూతురు విరజ నిలబడి ఉంది. ఆమెకు పన్నెండేళ్లు. తల్లి లేని పిల్ల కావడంతో తండ్రే ఆమెకు జడ వేసేవాడు. ఆ జడ ఎప్పుడూ ఎడమవైపుకు వంకరపోయేది. పనసపండు వస్తే తొనలు తీసి, గింజ ఒలిచి, మొదటిది ఆమె నోట్లో పెట్టేవాడు.

ఏనుగు మోకరిల్లింది. రాజు దిగాడు. విరజ పరుగున వెళ్లి తండ్రి నడుము చుట్టేసింది.

రాజు ఆగలేదు. గాలి తగిలినట్టు ఉత్తరీయం సర్దుకుని, చుట్టూ చూసి, "అమ్మాయి ఏదీ? నాకు ఎదురు రావడానికి తీరిక లేదా?" అని అడిగాడు.

రాజుగారు వేళాకోళమాడుతున్నారని అందరూ నవ్వారు. విరజ ఆయన చెయ్యి పట్టుకుని, "ఇక్కడే ఉన్నాను నాన్నగారూ" అంది. రాజు అదే చేత్తో మంత్రిని దగ్గరకు పిలిచాడు.

"మీ పక్కనే ఉన్నారు ప్రభూ" అన్నాడు మంత్రి.

రాజు మంత్రి పెదవుల వైపే చూశాడు. "పెదవులు కదుపుతున్నావు, మాట రాదేం? నా బిడ్డకేమైంది?" అన్నాడు.

అప్పుడిక ఎవరి ముఖంలోనూ నవ్వు లేదు.

నాటినుంచి రాజు గది దాటి బయటకు రాలేదు. విరజ సంగతి ఏం చెప్పినా ఆయనకు వినిపించదు. పేరు రాసి చూపిస్తే ఖాళీ తాటాకు కనిపిస్తుంది. బిడ్డ చనిపోయిందనీ, ఆ సంగతి తనకు చెప్పలేక అందరూ నోళ్లు మూసుకున్నారనీ ఆయన నమ్మాడు. తీర్పు చెప్పేవాడు లేడు. చెరువు గట్లు తెగితే పూడ్చమనేవాడు లేడు. పూజగదిలో కాశీ నుంచి తెచ్చిన గంగ చెంబు మూతికి వేసిన లక్కతో అలాగే ఉండిపోయింది. కాశీ నుంచి వచ్చినవారు ఆ లక్క తీసి, గంగను నలుగురికీ పంచి, సమారాధన చేసి భోజనాలు పెడితేనే యాత్ర ముగిసినట్టు. కూతురు లేకుండా ఆ పని చేయనని రాజు మొండికేశాడు. చివరకు మంత్రి బతిమాలగా కార్తిక పౌర్ణమికి సరేనన్నాడు.

విరజ ఏడుస్తూ కూర్చోలేదు. రాజుతో కాశీ వెళ్లివచ్చిన మావటి పోలయ్యను ఏనుగుశాలలో పట్టుకుంది.

"గంగలో నాన్నగారు ఏం చేశారు తాతా?"

"అందరూ చేసేదే అమ్మాయిగారూ. మునిగినాక ఇష్టమైన కాయో పండో వదలాలిగదా. మాకంటే ముందు ఒక షావుకారు కాకరకాయ వదిలేశాడు. గట్టుమీద జనం నవ్వారు. మన రాజుగారికి పౌరుషం వచ్చింది. 'పండూ కాయా ఏం లెక్క? నాకు అన్నిటికంటే ఇష్టమైనదే వదిలేస్తున్నాను' అన్నారు. జనం జేజేలు కొట్టారు. నేనూ కొట్టాను."

అంతలోనే పోలయ్య చేతిలోని చెరకుగడ జారి కింద పడింది. ఆయన విరజ వైపు చూశాడు. విరజ ఆయన వైపు చూసింది. ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది.

మర్నాడు తెల్లవారగానే విరజ ఉత్తరంగా బయల్దేరింది. ఇరవై రోజులు నడిచాక ఒక లోయ అడ్డం వచ్చింది. దాని అంచున తాటిచెట్టంత రాక్షసుడు కూర్చుని పళ్లు తోముకుంటున్నాడు. వాడి పేరు గుటకాసురుడు. వాడు రెండు వేళ్లతో విరజను ఎత్తి ముఖం ముందు పెట్టుకున్నాడు.

"నాకు పాపం అంటదు పిల్లా. భయం లేకుండా తినగలను. నేను కాశీ వెళ్లి వచ్చినవాణ్ణి" అన్నాడు గర్వంగా.

ఆ మాట వినగానే విరజ అడగకుండా ఉండలేకపోయింది. "అక్కడ ఏం వదిలావు?"

"కాకరకాయ."

"నీకు కాకరకాయ అంటే అంత ఇష్టమా?"

"ఏమో. ఎప్పుడూ తినలేదు."

"ఎప్పుడూ తిననిదాన్ని వదలడమేమిటి? ఆ లెక్కన నేను సముద్రాన్ని కూడా వదిలేశాను."

గుటకాసురుడి నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయింది. వాడు విరజను మెల్లగా కింద పెట్టి తల పట్టుకున్నాడు. "నూరేళ్లయింది. ఒక్కరూ ఈ మాట అడగలేదు. అయితే నా పాపాలన్నీ..."

"నీ దగ్గరే ఉన్నాయి."

వాడు లేచి భుజం వంచాడు. "ఎక్కు. నేనూ వస్తాను. అది లెక్కలోకి వచ్చిందో లేదో గంగనే అడుగుతాను. అడిగేదాకా నిన్ను తినను."

"అడిగాక?"

"అడిగాక చూద్దాం."

వాడు ఒక్కో అంగకు ఒక్కో ఊరు దాటాడు. పదో రోజు మధ్యాహ్నానికి కాశీ కనిపించింది. మెట్ల మీద జనం, గంటల మోత, తడిబట్టలు, పూలబుట్టలు. రాక్షసుణ్ణి చూసి జనం చెల్లాచెదురైతే, వాడు సిగ్గుపడి మెడ లోతు నీళ్లలోకి దిగి కూర్చున్నాడు. విరజ చివరి మెట్టు మీద నిలబడి, "మా నాన్న వదిలింది ఎక్కడుంది?" అని నీళ్లను అడిగింది.

నీళ్లలోంచి ముసలి మొసలి ఒకటి తల ఎత్తింది. దాని వీపు మీద నాచు పట్టి ఉంది. "వదిలినవన్నీ నా కాపలాలోనే ఉంటాయి మనవరాలా. చూస్తావా? చూసినవాళ్లు చూడకపోతే బాగుండేది అంటారు."

"చూస్తాను."

మొసలవ్వ తోక పట్టుకుని విరజ మునిగింది. నీళ్ల అడుగున మెట్లు ఇంకా దిగువకు ఉన్నాయి. వాటికి అటూ ఇటూ జనం వదిలినవన్నీ గుట్టలుగా పడి ఉన్నాయి. ఒక్కటీ కుళ్లలేదు. మామిడిపండ్ల గుట్ట మోకాలెత్తు ఉంది. కాకరకాయల గుట్ట మాత్రం కొండంత ఉంది.

"ఏ దేశం వాళ్లు వచ్చినా ఇదే. ఇవి నేను లెక్కలో వేసుకోను. మీ రాక్షసుడికి చెప్పు" అంది మొసలవ్వ.

గుట్టల చివర ఒక పిల్ల మోకాళ్లు కావలించుకుని కూర్చుని ఉంది. ఆ పిల్ల తల ఎత్తింది. అది తన ముఖమే. వయసు ఒక ఏడాది తక్కువ. జడ ఎడమవైపుకు వంకరగా ఉంది.

"అది మీ నాన్న కళ్లలో ఉండాల్సిన నువ్వు" అంది మొసలవ్వ.

ఆ పిల్ల విరజ చెయ్యి పట్టుకుంది. "నువ్వూ ఇక్కడే ఉండిపో. ఇక్కడ నిన్ను చూడకుండా ఎవరూ దాటిపోరు" అంది.

విరజకు ఒక్క క్షణం ఉండిపోవాలనే అనిపించింది. తర్వాత ఆ చెయ్యి మెల్లగా విడిపించుకుంది. "నిన్ను తీసుకెళ్లాలి. ఎలా అవ్వా?"

"నీవల్ల కాదు. వదిలినవాడే మార్చుకోవాలి. మీ నాన్న 'ఇష్టమైనది' అన్నాడేగానీ పేరు చెప్పలేదు. పేరు లేని మాట, చెంబుకు లక్క ఉన్నంతవరకే పచ్చిగా ఉంటుంది. సమారాధనలో లక్క తీశాడా, గట్టిపడిపోతుంది. ఆపైన నువ్వు ఎవరికీ కనిపించవు. ఆలోపు ఆయన నిజంగా ఇష్టమైనది ఇంకొకటి పేరు పెట్టి వదిలితే లక్క దానంతటదే ఊడుతుంది. కానీ నీ ఊసు ఎవరెత్తినా ఆయనకు వినిపించదు."

ఇంత దూరం వెతుక్కుంటూ వచ్చిన విరుగుడు ఇంట్లో పూజగదిలోనే ఉంది. కార్తిక పౌర్ణమికి పది రోజులే మిగిలాయి.

"వెళ్లేముందు నువ్వూ ఏదైనా వదలాలి" అంది మొసలవ్వ.

విరజ గుటక మింగి, "పనస తొనలు" అంది. మొసలవ్వ ఆమె కళ్లలోకి చూసి తల ఊపింది.

విరజ పైకి వచ్చి చెప్పగా గుటకాసురుడు సంగతంతా విన్నాడు. తానూ ఒకసారి మునిగి లేచి, కళ్లు గట్టిగా మూసుకుని, "మనిషి మాంసం" అన్నాడు. వాడి కళ్ల వెంట నీళ్లు కారాయి. ఆ తర్వాత విరజను భుజం మీద ఎక్కించుకుని ఎక్కడా ఆగకుండా పరుగెత్తాడు.

వాళ్లు కోట చేరేసరికి విస్తళ్లు వేసి ఉన్నాయి. రాజు పీటమీద కూర్చుని, చెంబు మూతి దగ్గర చాకు పెట్టాడు. గుటకాసురుడు గుమ్మం ఊడదీసుకుని లోపలికి వచ్చాడు. వడ్డించేవాళ్లు గరిటెలు వదిలేసి పారిపోయారు. మంత్రి స్తంభం చాటుకు వెళ్లాడు.

"రాజా, చాకు ఆపు. కాశీలో నువ్వేం వదిలావు?" అన్నాడు రాక్షసుడు.

అంతవరకు ఆ ప్రశ్న రాజును ఎవరూ అడగలేదు. "నాకు అన్నిటికంటే ఇష్టమైనది" అన్నాడు రాజు.

"దాని పేరు?"

రాజు తడబడ్డాడు. "మామిడిపండు కావచ్చు."

"తిరిగొచ్చాక తిన్నావా?"

"తిన్నాను."

"మరి వదిలింది అది కాదు. ఇంటికొచ్చాక నీకు కనిపించకుండా పోయింది ఏది?"

రాజు చాకు కింద పెట్టేశాడు. "నేనేనా?" అన్నాడు. "నా బిడ్డను నేనే వదిలేశానా?"

విరజ ఆయన పక్కనే నిలబడి ఉంది.

"ఇంకొకటి వదిలితే లక్క ఊడుతుంది" అన్నాడు రాక్షసుడు.

"మామిడిపండ్లు వదిలాను" అన్నాడు రాజు. లక్క కదలలేదు. "ఏనుగులన్నీ వదిలాను." కదలలేదు. ఆయన తల మీది కిరీటం తీసి కింద పెట్టాడు. "రాజ్యం వదిలాను." మంత్రి గుండె పట్టుకున్నాడు. లక్క మాత్రం అలాగే ఉంది.

"అవన్నీ నీకు కాకరకాయలే" అన్నాడు గుటకాసురుడు జాలిగా.

రాజు చెంబు వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆ రోజు గట్టుమీద ఆ మాట ఎందుకన్నాడో గుర్తు చేసుకున్నాడు. షావుకారును చూసి జనం నవ్వారు. తనకు జేజేలు కొట్టారు. ఆ జేజేలు ఎంత తియ్యగా ఉన్నాయో ఇప్పటికీ చెవిలో ఉంది.

"నలుగురూ నన్ను గొప్పవాడనడం నాకిష్టం. దానికోసమే ఆ మాట అన్నాను" అన్నాడు ఆయన తల వంచుకుని. "ఆ పొగడ్తను వదిలేస్తున్నాను."

టప్పున లక్క పగిలింది.

రాజు తల ఎత్తాడు. ఎదురుగా దుమ్ము కొట్టుకుపోయి, కాళ్లు పగిలి, ఒక ఏడాది పెద్దదైన కూతురు. ఆయన ఆమె ముఖం రెండు చేతులతో పట్టుకున్నాడు. "జడ ఎవరు వేశారమ్మా, ఇంత తిన్నగా?" అన్నాడు.

"నేనే వేసుకున్నాను నాన్నగారూ. మీరు విప్పి మళ్లీ వెయ్యండి."

ఆ సంతోషంలో వందిమాగధులు వరసగా నిలబడి రాజును కీర్తించారు. రాజు వాళ్ల వైపు అయోమయంగా చూశాడు. "పెదవులు కదుపుతున్నారు, మాట రాదేం? ఆకలేమో పాపం, అన్నం పెట్టండి" అన్నాడు.

గంగను అందరికీ పంచారు. గుటకాసురుడు మొదటిసారి కాకరకాయ కూర తిని, ఇది వదిలినందుకు తాను పడ్డ గర్వాన్ని తలుచుకుని తెల్లబోయాడు. భోజనాలయ్యాక రాజు పనస తొన ఒకటి తీసి, గింజ ఒలిచి, ఎప్పటిలా విరజ నోటి దగ్గర పెట్టాడు. ఆమె నవ్వుతూ తల అడ్డంగా ఊపింది. రాజు ఆమెను పరీక్షగా చూశాడు, ఆమె ఎక్కడికి వెళ్లి వచ్చిందో అర్థం చేసుకున్నాడు. ఆ తొనను రాక్షసుడికి ఇచ్చాడు.

తర్వాత కాలంలో విరజ మందారగిరిని చాలా ఏళ్లు చల్లగా ఏలింది. గుటకాసురుడు ఆ లోయ దగ్గర కూర్చుని, యాత్రికులను భుజాల మీద దాటించేవాడు. దాటించే ముందు ప్రతివాణ్ణీ ముఖం దగ్గరకు ఎత్తుకుని, ఏం వదలబోతున్నావని అడిగేవాడు. కాకరకాయ అన్నవాణ్ణి వెనక్కి పంపేవాడు.