పిట్ట కడుపునొప్పి

ఆ ఉదయం కూడా పిట్ట సగం గ్లాసు పాలు తాగి కడుపు పట్టుకుంది. ఎనిమిదేళ్ళ పిల్ల. పిట్టలా కొంచెం కొంచెమే తింటుందని ఇంట్లో అందరూ అలాగే పిలుస్తారు.

"బడికి బయల్దేరే వేళకే వస్తుందేం ఆ నొప్పి?" అంది నాయనమ్మ.

తల్లి టిఫిన్ డబ్బా సర్దుతూ ఉండిపోయింది. అత్తగారికి బదులిస్తే ఎదురుమాట, ఊరుకుంటే పిల్లకు అన్యాయం. ముందు నుయ్యి, వెనక గొయ్యి. పిల్ల కడుపుకు తీయించిన స్కాన్‌లో ఏమీ లేదని ఆస్పత్రిలో చెప్పిన దగ్గర్నుంచి ఆ ఇంట్లో ఆమెకు ఊపిరాడటం లేదు. ఒకటి రెండుసార్లు తనూ పిల్లను కసిరింది.

బూట్లు తొడుగుదామని వెతికితే పిట్ట స్నానాలగదిలో దొరికింది. వాంతి చేసుకుని, చప్పుడు కాకుండా కడిగేస్తోంది. నీళ్ళు ఆకుపచ్చగా ఉన్నాయి.

"నాన్నకు చెప్పకమ్మా. నటిస్తున్నానంటారు."

తల్లి పిట్ట మూతి తుడిచింది. పిల్లను ఎత్తుకుని హాల్లోకి వచ్చింది.

"మళ్ళీ ఆస్పత్రా?" అన్నాడు భర్త. "నీ భయమే దానికి అంటుకుంది."

"ఆకుపచ్చ వాంతి నా భయం వల్ల రాదండీ. మీరొచ్చినా రాకపోయినా నేను తీసుకెళ్తున్నాను."

ఆ ఇంట్లో ఆమె గొంతు లేవడం అదే మొదలు. అత్తగారు పక్కకు తప్పుకుని దారిచ్చింది. అతను గొణుక్కుంటూనే బండి తీశాడు.

ఆకుపచ్చ వాంతి మాట వినగానే పిల్లల డాక్టరమ్మ ఆలస్యం చెయ్యలేదు. పిట్టచేత తెల్లటి మందు తాగించి, అది పేగుల్లో ఎటు పోతుందో ఎక్స్‌రే తెర మీద చూసింది. లోపలికి ఒక్కరినే రానిస్తామంటే తల్లి బయట ఉంది; ఎక్స్‌రే తగలకుండా బరువైన ఏప్రాన్ కట్టుకుని తండ్రి కూతురి పక్కనే నిలబడ్డాడు. మందు పొట్టలోంచి దిగి, మెలికలు తిరుగుతూ కుడివైపునే జారిపోయింది.

"ఇది ఎడమవైపుకు దాటాలి," అంది డాక్టరమ్మ. "మీ పాప తల్లి కడుపులో ఉన్నప్పుడే పేగు తిరగాల్సినట్టు తిరగలేదు. అందుకే అప్పుడప్పుడూ మెలిపడుతోంది. మామూలు స్కాన్‌లో ఒక్కోసారి దొరకదు. బిగుసుకుపోతే పేగుకి రక్తం అందదు. ఈరోజే ఆపరేషన్ చెయ్యాలి."

"అంటే... ఇన్నాళ్ళూ నిజంగానే నొప్పా?" అన్నాడు తండ్రి.

"నిజంగానే."

అతను బయటికొచ్చి భార్య ఎదుట నిలబడ్డాడు. డాక్టరమ్మ అన్నదంతా చెప్పాడు. ఆమె చెయ్యి పట్టుకుని, ఆపరేషన్ అయ్యేదాకా వదల్లేదు.

మర్నాడు నాయనమ్మ ఆస్పత్రికి వచ్చి మంచం పక్కన కూర్చుంది.

"నొప్పిగా ఉందా తల్లీ?"

పిట్ట పెదవి కొరుక్కుని, తల అడ్డంగా ఊపింది.

"ఉంటే ఉందని చెప్పవే. నమ్ముతాను," అంటూ ఆవిడ పిల్ల తల నిమిరింది.

పిల్ల నాన్నను చూసింది, అమ్మను చూసింది. అప్పుడు బావురుమంది. ఎవరూ ఊరుకోమనలేదు.