అత్తగారి పళ్లెం

ఆదివారం పొద్దున ఆ ఇంట్లో అందరికంటే ముందు లేచేది అత్తగారు. ఆవిడ వెనకాలే కోడలి హుకుం లేస్తుంది. కోడలు రక్తపరీక్షల ల్యాబ్‌లో పనిచేస్తుంది. పదిమంది షుగరూ కొవ్వూ రోజూ కళ్లారా చూసే మనిషి, ఇంట్లోవాళ్లని ఊరికే వదులుతుందా? పళ్లెంలో సగం కూరగాయలు ఉండాలి, ఉప్పూ నూనే తగ్గాలి, తీపి ఎప్పుడో ఓసారి, ఆకలి తీరగానే చెయ్యి కడిగేసుకోవాలి. మామగారు ఆమెకి ఇన్‌స్పెక్టరని పేరు పెట్టారు.

పేరైతే పెట్టారు గానీ, మాట విన్నారు. బస్సు నడిపిన రోజుల్లో పెంచుకున్న పొట్ట కరిగి, ఇప్పుడు బెల్టు లేనిదే ప్యాంటు నిలవడం లేదు. కొడుక్కి మెట్లెక్కితే వచ్చే ఆయాసం పోయింది. ఒక్క అత్తగారి షుగరే మొండికేసింది. నిన్న ల్యాబ్‌లో చూస్తే తగ్గకపోగా ఇంకా పెరిగింది. ఇలాగే ఉంటే కళ్లకి ప్రమాదమని డాక్టరు ముందే హెచ్చరించాడు. బట్టలు కుట్టే ఆవిడకి కళ్లు కాక ఇంకేముంది? ఇప్పటికే సూదిలో దారం ఎక్కించమని కోడల్ని పిలుస్తున్నారు.

మధ్యాహ్నం భోజనాలయ్యాయి. ఎప్పటిలాగే అత్తగారు గరిటె నిండా వడ్డించారు, ఎప్పటిలాగే అందరూ ఆకలి తీరేంత తిని లేచారు. కోడలు ఇక ఆగలేకపోయింది.

"అత్తయ్యా, నిజం చెప్పండి. తీపి ఎక్కడ దాచుకుంటున్నారు?"

"దాచుకోవడమేమిటమ్మా!"

"మరి షుగరు గాలికి పెరుగుతోందా?" అంటూ ఆమె వంటింటి అలమారలు తెరిచింది, డబ్బాల మూతలు తీసింది. చివరికి కుట్టుమిషను సొరుగు కూడా లాగింది. బొత్తాలు, దారపు ఉండలు తప్ప ఏమీ లేవు.

కొడుక్కి కోపం వచ్చింది. "ఏంటిది? మా అమ్మ సొరుగు సోదా చేస్తావా?"

"రేపు ఆవిడ కళ్లు పోతే నీ కళ్లు ఇస్తావా?"

"ఊరుకోరా" అన్నారు అత్తగారు. కోడలి వైపు తిరిగారు. "నా ఇంట్లోనే నన్ను దొంగని చేశావు కదమ్మా." ఎంగిలి పళ్లేలు తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయారు.

మాట తూలానని తెలిసి కోడలు కాసేపటికి వెనకే వెళ్లింది. గుమ్మంలోనే ఆగిపోయింది.

అత్తగారు గట్టు దగ్గర నిలబడి గబగబా తింటున్నారు. చేతిలో పళ్లెం లేదు, గిన్నె ఉంది. అందులో మామగారు వదిలిన అన్నం, కొడుకు పక్కకి నెట్టిన దుంపల వేపుడు, కోడలు వద్దనుకున్న అప్పడం ముక్కలు.

"ఇదేంటత్తయ్యా?"

"మీరు వదిలినవే. పారేయడానికి చేతులెలా వస్తాయి? కాపురానికి వచ్చినప్పటి నుంచీ ఇంతేగా." కాస్త ఆగి, తప్పు చేసినట్టు అన్నారు. "కాకపోతే అప్పుడు ఇంత మిగిలేది కాదు."

కోడలు ఆ గిన్నెలోకి చూసింది. ఆ దుంపలు తప్ప ఒక్క కూరగాయ ముక్క లేదు. కూరగాయల్ని అందరూ బుద్ధిగా తినేశారు. తను అందరి పళ్లేల్లోంచీ గెంటించినవన్నీ ఈవిడ పొట్టలోకే చేరుతున్నాయి. ఇందరికి ఇన్ని చెప్పింది గానీ, అత్తయ్య ఏం తింటున్నారో ఒక్కరోజూ పక్కన కూర్చుని చూడలేదు. ఆ గిన్నె లాక్కుని, అత్తగారి భుజం మీద తల పెట్టుకుని ఏడ్చేసింది.

"నన్ను క్షమించండత్తయ్యా."

"ఛ, ఊరుకో పిచ్చిదానా."

గుమ్మంలోకి వచ్చిన మామగారు బెల్టు సర్దుకున్నారు. "అయితే నా పొట్ట కరిగి ఎక్కడికి పోయిందో ఇప్పుడు తెలిసింది" అన్నారు. ఎవరూ నవ్వలేదు. ఆయనకీ నవ్వు రాలేదు.

ఆ సాయంత్రం కోడలు ఎవరికి కావలసింది వాళ్లే కొంచెం కొంచెం పెట్టుకోవాలంది. అత్తగారి చెయ్యి పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టింది. ఆవిడ ముందు పళ్లెం పెట్టి మొదట కూరగాయలు, ఆపైన పప్పు, కొంచెం అన్నం వడ్డించింది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే అత్తగారి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"వేడిగా ఉందమ్మా" అన్నారు.

మామగారి పళ్లెంలో రెండు ముద్దలు మిగిలాయి. అలవాటుగా అత్తగారి చెయ్యి అటు వెళ్లింది. ఆయన పళ్లెం దగ్గరకి లాక్కున్నారు. "నేను పెట్టుకున్నది నేనే తింటానే" అంటూ ఖాళీ చేశారు.

కోడలు గరిటె పట్టుకుని, "ఇంకొంచెం వెయ్యనా అత్తయ్యా?" అంది.

అత్తగారు పళ్లెం మీద చెయ్యి అడ్డం పెట్టారు.

"చాలమ్మా. కడుపు నిండింది."

ఆ ఇంట్లో ఆవిడ నోట ఆ మాట ఎవరూ అంతకుముందు వినలేదు. కోడలు గరిటె కింద పెట్టేసింది.